పికప్ బండి టైర్లలో గాలి ఎంత ఉండాలి?

బొలెరో పికప్ లాంటి బండికి గాలి ఎంత పెట్టాలని అడిగితే ఒక్కో పంక్చర్ షాపులో ఒక్కో అంకె చెప్తారు. అవన్నీ పక్కన పెట్టి డ్రైవర్ డోరు తీసి చూడండి, అక్కడ సాధారణంగా స్టిక్కర్ ఉంటుంది, లేకపోతే బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ముందు టైర్లకు వేరు, వెనక వాటికి వేరు, చాలా బండ్లకు ఖాళీకి, లోడుకి కూడా వేరువేరుగా రాసి ఉంటుంది. టైరు పక్కన అచ్చేసిన అంకె మాత్రం మీరు పెట్టాల్సింది కాదు, అది ఆ టైరు తట్టుకునే గరిష్ఠం.

అసలు తేడా అంతా వెనక టైర్లలోనే. మదనపల్లె నుంచి టమాటా లోడుతో ఎండాకాలం చెన్నై వెళ్తున్నారనుకోండి, గాలి తక్కువైతే టైరు పక్కలు ఊరికే వంగుతూ లేస్తూ లోపల వేడెక్కుతాయి, హైవే మీద పేలేది ఇలాంటివే. అలాగని తిరిగొచ్చేటప్పుడు ఖాళీ బండికి అదే గాలి ఉంచితే వెనక భాగం ఎగిరెగిరి పడుతుంది, వాన పడితే పట్టు కూడా తగ్గుతుంది. మా బండి ఎప్పుడూ లోడు గాలితోనే తిరిగి వెనక టైర్లు మధ్యలో నున్నగా అరిగిపోయాయి, అంచుల్లో మాత్రం గాడులు కొత్తవాటిలా ఉన్నాయి! గాలి తక్కువైతే దీనికి రివర్స్, అంచులు అరుగుతాయి.

గాలి పొద్దున్నే, బండి తీయకముందే చూడాలి. పరుగెత్తి వచ్చిన టైరులో నాలుగైదు పీఎస్‌ఐ ఎక్కువ చూపించినా తీయించకండి, చల్లారాక తక్కువైపోతుంది. స్టెప్నీ కూడా చూడండి, దాన్ని అందరూ మర్చిపోతారు.