కొన్నారా, కిరాయికి తీసుకున్నారా?

ప్రశ్న: సార్, మాది ఎనుమాముల మార్కెట్ దగ్గర ఎరువులు, విత్తనాల దుకాణం. నిరుడు ఆరు వేలు పెట్టి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొన్న. మొన్న తెరిస్తే గడువు ముగిసింది, రెన్యువల్ చేసుకోండి అని వస్తున్నది, లోపలికి పోనిస్తలేదు. రైతుల ఉద్దెర లెక్కలన్నీ అందులోనే ఉన్నయి. కొన్న వస్తువుకు మళ్లీ పైసలేంది? మా దోస్తు పెళ్లికార్డుల షాపుల పేజ్‌మేకర్ ఏండ్ల సంది నడుస్తనే ఉంది కదా?
– ఒక దుకాణదారు, వరంగల్

జవాబు: దోస్తు షాపు నుంచే మొదలుపెడదాం. కార్డులు, పేజీలు కూర్చే ప్రోగ్రాం పేజ్‌మేకర్. దాని 7వ వెర్షన్ వచ్చింది 2001లో, ఆ తర్వాత కొత్త వెర్షనే రాలేదు. అయినా తెలుగు అక్షరాలకు అను ఫాంట్లు పెట్టుకుని శుభలేఖలు చేసే డీటీపీ షాపుల్లో ఇప్పటికీ అది కనిపిస్తుంది, ఎందుకంటే ప్రోగ్రాం మొత్తం ఆ కంప్యూటర్ హార్డ్‌డిస్క్‌లోనే ఉంది, చేసిన కార్డు ఫైలూ అక్కడే ఉంది, నెట్ ఉన్నా పోయినా దానికి పట్టింపు లేదు. కంప్యూటర్ మూలన పడేదాకా నడుస్తుంది. అది అప్లికేషన్.

మీరు తీసుకున్నది ఆన్‌లైన్ సర్వీసు. స్క్రీన్ మీద ఐకాన్ ఉంది, నొక్కితే తెరుచుకుంటోంది కాబట్టి మన కంప్యూటర్‌లోనే ఉందనుకున్నారు, కానీ లెక్కలు దాచేది కంపెనీ సర్వర్‌లో, అంటే నెట్ ద్వారా అందే వాళ్ల కంప్యూటర్‌లో. మీరు కట్టిన ఆరు వేలు ఏడాది కిరాయి. కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాలు పెట్టినట్టే అనుకోండి: కిరాయి కట్టందే బస్తా బయటికి రాదు, మిర్చి మాత్రం మీదే. అమ్మినవాళ్లు ఈ ముక్క ముందే చెప్పాల్సింది. చెప్పకుండా అన్నింటినీ సాఫ్ట్‌వేర్ అనే ఒక్క మాటతో అంటగడుతున్నారు, నాకు చిరాకు అక్కడే.

నెట్ ఆపేసి చూడండి, నడిస్తే అప్లికేషన్, ఆగితే సర్వీసు అని చాలామంది చెబుతారు. సగమే నిజం. గూగుల్ డాక్స్ సర్వీసే అయినా సెట్టింగ్ పెట్టుకుంటే నెట్ లేకుండానూ కొంత పని చేస్తుంది. ఫోటోలు దిద్దే ఫోటోషాప్ మన కంప్యూటర్‌లోనే ఉంటుంది, కానీ 2013 నుంచి కొత్త వెర్షన్లు చందా మీదే, చందా ఆగితే అదీ ఆగుతుంది. అందుకే నేనైతే వేరే మాట అడుగుతా: రేపు ఆ కంపెనీ మూతపడితే నా చేతిలో ఏం మిగులుతుంది?

ఇప్పుడు చేయాల్సిన పని. కంపెనీకి ఫోన్ చేసి లెక్కలు దించుకోవడానికి నాలుగు రోజులు తెరవమనండి, ఒప్పుకోకపోతే అన్నింటికన్నా చిన్న ప్లాన్ కట్టండి. తెరుచుకోగానే ఖాతాలన్నీ ఎక్సెల్ ఫైలుగా దించి పెన్‌డ్రైవ్‌లో పెట్టండి, ఉద్దెర జాబితా ప్రింటు తీసి గల్లాలో పెట్టుకోండి. కొనసాగాలా వద్దా అన్నది ఆ తర్వాత. సర్వీసులన్నీ మోసమని కాదు. మీ కంప్యూటర్ కాలిపోయినా లెక్కలు అక్కడ ఉంటాయి, 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ రేట్లు మారినట్టు మళ్లీ మారితే సర్వర్‌లో ఒకసారి మారిస్తే అందరికీ మారుతుంది. డేటా దించుకునే బటన్ ఉందా అని మాత్రం పైసలు కట్టకముందే చూసుకోండి, అది లేకపోతే ఎంత చవకైనా నేను ముట్టుకోను.

ప్రశ్న: వాట్సాప్ సాఫ్ట్‌వేర్ అని నేను, కాదు ఆన్‌లైన్ సర్వీసని మా బామ్మర్ది. ఇరానీ చాయ్ పందెం.
– జమ్మికుంట పాఠకుడు

జవాబు: రెండూ. ఫోన్‌లో ఉన్నది అప్లికేషన్, మెసేజ్‌ను అటు చేర్చేది సర్వీసు. 2021 అక్టోబర్ 4 రాత్రి తొమ్మిది దాటాక దాదాపు ఆరు గంటలు వాట్సాప్ ఆగిపోయింది, గుర్తుందా? అప్పుడు ఫోన్‌లో యాప్ తెరుచుకుంది, పాత చాట్లు చదువుకోగలిగాం, కొత్త మెసేజ్ మాత్రం పక్కింటికి కూడా పోలేదు. చాయ్ బిల్లు చెరి సగం కట్టుకోండి.