బెయిల్ వచ్చినా జామీను లేక తమ్ముడు జైల్లోనే ఉన్నాడు, ఏం చేయాలి?

బెయిల్ వచ్చి 12 రోజులైనా జామీనుదారులు దొరక్క మీ తమ్ముడు లోపలే ఉన్నాడని రాశారు. పేదోళ్ళకు ఈ పద్ధతి ఎప్పుడు మారుతుందనీ అడిగారు. మా ఇంట్లో జరిగిందే చెప్తాను.

మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. మా బావ బేల్దారి, అంటే తాపీ మేస్త్రీ. పని కాడ జరిగిన కొట్లాటలో రిమాండుకు పోయినాడు. తొమ్మిదో రోజుకే బెయిల్ వచ్చింది. పదివేల చొప్పున ఇద్దరు జామీను పడాలన్నారు. బయటికొచ్చింది మాత్రం 34వ రోజు. మా అక్క ఇంటిపన్ను రసీదు కొంగున ముడేసుకొని కోర్టుకు పోయేది. ముడి విప్పి ఇస్తే గుమాస్తా చూసి, "ఈ పేరెవరిదమ్మా?" అన్నాడు. చనిపోయి 11 ఏళ్ళయిన వాళ్ళ మామది. మడిచి తిరిగి చేతిలో పెట్టేసినాడు. పాసుపుస్తకం ఉన్న చుట్టాలు ఫోనెత్తలేదు. ఆ 25 రోజులు మా బావ కేవలం ఆస్తి కాగితం లేనందుకే లోపలున్నాడు. ఇప్పటికీ తలుచుకుంటే కడుపు మండుతుంది.

డబ్బిస్తే జామీను పడతామని కోర్టు బయట ఎవరైనా అంటే నమ్మొద్దు. దొంగ కాగితాలని తేలితే ఇంకో కేసు మెడకు చుట్టుకుంటుంది. జిల్లా కోర్టులో ఉండే న్యాయసేవాధికార సంస్థకు పోండి, లేదా 15100కు ఫోన్ చేయండి. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం జైల్లో ఉన్నవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. జామీను షరతు సడలించమని పిటిషన్ వేయించండి. బెయిల్ వచ్చిన 7 రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటే ఆ సంస్థకు తెలపాలని, నెలలోపు జామీను ఇవ్వలేకపోతే షరతు సడలించే సంగతి కోర్టే తనంతట తాను చూడొచ్చని సుప్రీంకోర్టు 2023 జనవరి 31న చెప్పింది. మాకు ఈ ముక్క ఎవరూ చెప్పలేదు.

మార్పంటారా, 1978లో మోతీరామ్ అనే ఆయన కేసులోనే సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ కృష్ణయ్యర్ ఈ బాధ గుర్తించారు. మోతీరామూ బేల్దారే. అన్న ఆస్తి వేరే జిల్లాలో ఉందని కింది కోర్టు ఆ జామీను ఒప్పుకోలేదు. ఇప్పటి చట్టంలో బెయిలబుల్ కేసులకైతే, అంటే బెయిల్ హక్కుగా వచ్చే కేసులకు, వారంలో జామీను తేలేని పేదవాణ్ణి సొంత బాండు మీద, అంటే జామీనుదారులు లేకుండా తన హామీ మీదే, వదలాలని ఉంది. బెయిల్ ఇవ్వడం కోర్టు చేతిలో ఉండే చిన్న చిన్న నాన్‌బెయిలబుల్ కేసులకూ అదే పెట్టాలని నా కోరిక. ఇరవై ఏళ్ళుగా ఒకే ఊర్లో పని చేసుకుంటూ, పిల్లల్ని అక్కడే బడికి పంపేవాడు ఎక్కడికి పారిపోతాడు?

మా బావ చివరికి ఉచిత లాయర్ వేసిన పిటిషన్‌తోనే, సొంత బాండు మీద వచ్చినాడు. బెయిల్ ఆర్డర్ కాపీ తీసుకొని రేపు పొద్దున్నే పోండి.