మర కొనాలా, మిరపకాయలు కొనాలా?

ప్రశ్న: నా వయసు 26. తెనాలి దగ్గర పల్లెటూరు మాది. ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే ఆహార భద్రత ప్రాజెక్టులో రెండేళ్లుగా శిక్షకురాలిగా పనిచేస్తున్నాను. చదువు ఆపేసిన ఊరి కుర్రాళ్లకు, ఆడపిల్లలకు పెరటి తోటలు, విత్తనాల నిల్వ, నవధాన్యాల సాగు, దినుసులు శుభ్రం చేసి ప్యాకెట్లు కట్టడం నేర్పుతాను. నెలకు 28,000 అని చెప్పారు, చేతికి 25,200 వస్తోంది. ఇంట్లో 8,000 ఇస్తాను. పెట్రోలు, తిండి, ఫోనుకు 9,000 అవుతుంది. వచ్చే మార్చితో ప్రాజెక్టు అయిపోతుంది. నా దగ్గర శిక్షణ పొందిన నలుగురు కలిసి కారం తయారీ యూనిట్ పెడదామంటున్నారు. 10 లక్షల ఖర్చులో 35 శాతం సబ్సిడీ ఉందట. వాళ్లకు బ్యాంకులో చరిత్ర లేదు కాబట్టి రుణం నా పేరు మీదే తీసుకోవాలి. పొదుపు ఖాతాలో 2,60,000 ఉంది. అమ్మ మాత్రం ఆ డబ్బు మా వీధి చీటీలో వేసి పెళ్లికి ఉంచమంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: మీరు అడగని ప్రశ్నతో మొదలుపెడతాను. నెల నెలా ఆ 2,800 ఎక్కడికి పోతోంది? సంస్థ పుస్తకాల్లో మీరు ఉద్యోగి కాదు, కన్సల్టెంటు. అందుకే పీఎఫ్ లేదు, పది శాతం టీడీఎస్, అంటే డబ్బు ఇచ్చేటప్పుడే ముందుగా పట్టుకునే పన్ను కోత ఉంది. అది మీ పాన్ నంబరు మీద ఆదాయపు పన్ను శాఖకు జమ అవుతుంది. ఏడాదికి 33,600. మీకు వచ్చే ఆదాయానికి పన్నే పడదు, కాబట్టి రిటర్ను వేస్తే ఆ సొమ్ము వెనక్కి వస్తుంది. రిటర్ను సంగతే మీ లేఖలో లేదంటే ఇంతవరకు వేయలేదనే అనుకుంటున్నాను. నిరుటి ఆర్థిక సంవత్సరానిది ఈ డిసెంబరు 31లోగా వేయాలి. ఆ గడువు దాటితే ఆలస్యాన్ని మన్నించమని విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి, అది తేలడం అంత సులభం కాదు. గుంటూరు బ్రాడీపేటలో మా ఆఫీసుకు వచ్చే శిక్షకుల్లో, సర్వేలు చేసేవారిలో ఈ డబ్బు వదిలేసుకున్నవారు చాలామంది కనిపిస్తారు. ఊరందరి తిండి గురించి నోట్సు రాసేవారు తమ జీతం కాగితం చదవరెందుకో!

ఇక మార్చి సంగతి. ఇలాంటి పనుల్లో ఒక ప్రాజెక్టు ముగిసిన మర్నాడే ఇంకొకటి మొదలుకాదు. మంజూరు, నియామకాలు, సంతకాలు అయ్యేసరికి నెలలు గడుస్తాయి. మీ నెల ఖర్చు 17,000. ఎనిమిది నెలలకు 1,36,000. ఆ మొత్తాన్ని ఇప్పుడే వేరే ఖాతాలో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి, అది లేదనుకోండి. వ్యాపారానికి గాని, చీటీకి గాని అందులోంచి తీయవద్దు. ఈలోగా సంస్థ నుంచి అనుభవ పత్రం తీసుకోండి. ఎన్ని ఊళ్లు, ఎన్ని బ్యాచ్‌లు, ఏయే అంశాలు అన్నీ అందులో ఉండాలి. రాష్ట్ర ప్రకృతి సేద్యం కార్యక్రమం 2016 నుంచి గుంటూరు కేంద్రంగానే నడుస్తోంది. మీలా ఊళ్లు తిరిగి చెప్పగలిగినవారికి ఈ జిల్లాలో పని దొరుకుతుంది. కాకపోతే అదీ గడువున్న పనే అవుతుంది.

బండి మీద తిరిగే ఉద్యోగం కనుక ఆరోగ్య బీమా తీసుకోండి. బ్యాంకులోనే ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, 436 రూపాయల జీవిత బీమా పథకాలున్నాయి. చెరొక 2 లక్షల రక్షణ ఉంటుంది. రెండూ రేపే చేయించండి.

అమ్మగారి చీటీ విషయం రెండు మాటల్లో తేల్చేస్తాను. రిజిస్టరు కాని చీటీ నడపడమే చట్టానికి విరుద్ధం. నడిపేవాళ్లు డబ్బుతో వెళ్లిపోతే అడగడానికి ఆధారం ఉండదు. పెళ్లికి దాచాలనే ఆలోచన తప్పు కాదు, దాచే చోటు తప్పు. పోస్టాఫీసులో నెలకు 3,000 రికరింగ్ డిపాజిట్ వేసి ఆ పాసుపుస్తకం అమ్మగారి చేతికే ఇవ్వండి. ఆవిడ మనసు నిమ్మళిస్తుంది.

ఇప్పుడు కారం. మీరు చెప్పిన సబ్సిడీ పీఎంఎఫ్‌ఎంఈ, అంటే చిన్న ఆహార తయారీ యూనిట్లకు కేంద్రం పెట్టిన పథకంలోది. ఇది 2020లో ఐదేళ్ల కోసం మొదలైంది. కాబట్టి ఇప్పుడు కొత్త దరఖాస్తులు తీసుకుంటున్నారా అని ముందు బ్యాంకులో అడగండి. తీసుకుంటున్నా ఆ 3,50,000 మీ చేతికి రాదు. మీ వాటా కనీసం పది శాతం, అంటే లక్ష. మిగతా 9 లక్షలు అప్పు. సబ్సిడీని ఆ రుణ ఖాతాకు జోడించి పక్కన ఉంచుతారు. మూడేళ్లు యూనిట్ నడిచి, ఖాతా మొండి బాకీ కాకుండా ఉంటేనే అప్పులో సర్దుతారు. 11 శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు అనుకుంటే సబ్సిడీ పోను మిగిలిన 5,50,000కు వాయిదా దాదాపు 12,000. సబ్సిడీ చేజారితే 9 లక్షలకు దాదాపు 19,600. రెండో అంకె కట్టగలననుకుంటేనే సంతకం పెట్టండి. తెనాలి వైపు ఒక షెడ్డులో నీలం టార్పాలిన్ కింద మూడేళ్లుగా నిద్రపోతున్న పల్వరైజర్‌ను, అదే కారం పట్టే మరను నేను చూశాను. దాని యజమానికి నెలనెలా బ్యాంకు నుంచి ఫోను వస్తూనే ఉంది.

అతని మర బాగానే ఉంది. కాయలు కొనడానికి డబ్బు లేకపోయింది. సబ్సిడీ లెక్క యంత్రాలకు, షెడ్డు పనులకే. సరుకు కొనే పెట్టుబడికి వర్తించదు. గుంటూరు మిర్చి యార్డుకు కొత్త కాయలు జోరుగా వచ్చేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు. తరువాత యార్డుకు వేసవి సెలవులు. ఆపైన దొరికేది కోల్డ్ స్టోరేజీ సరుకు, అందులో అద్దె, వడ్డీ కలిసే ఉంటాయి. నెలకు 500 కిలోల చొప్పున ఎనిమిది నెలల సరుకు సీజన్‌లోనే కొనాలంటే, కిలో 150 అనుకున్నా 6 లక్షలు కావాలి. లేఖతో మీరు పంపిన కారం యూనిట్ ప్రాజెక్టు నివేదికలో ఆ పద్దే లేదు.

నివేదిక రాసినవారు ఎవరోగాని ధీమా ఎక్కువ. మొదటి నెల నుంచే సరుకంతా అమ్ముడుపోతుందట. తొడిమలు తీసే కూలి లేదు. క్వింటాలు కాయలు పోస్తే క్వింటాలు కారం వస్తుందని కూడా రాశారు.

అందుకని ఈ సీజన్‌కు మర కొనవద్దు. కాయలు కొని, కూలి ఇచ్చి వేరేవాళ్ల మరలో కారం పట్టించండి. తెనాలిలో మరలకు కొదవ లేదు. మొత్తం 60,000 దాటకూడదు. మీరు 40,000, నలుగురూ తలా 5,000 పెట్టాలి. వాళ్లు మీ శిష్యులని, డబ్బు లేని పిల్లలని వాటా వదిలేయవద్దు. ఆ 5,000 పెట్టినవాడే ఎండలో కాయలు ఎండబెట్టేటప్పుడు నేల మీద పోయకుండా పట్టా పరుస్తాడు. నేల తడికి బూజు పట్టిన కాయలో విషం చేరుతుందని మీరే వాళ్లకు పాఠం చెప్పి ఉంటారు. ఎవరి వాటా ఎంతో, నష్టం వస్తే ఎవరెంత భరించాలో రాసుకుని అందరూ సంతకాలు చేయండి. ఆహార భద్రత ప్రమాణాల సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) రిజిస్ట్రేషన్ లేకుండా ఒక్క ప్యాకెట్ కూడా అమ్మవద్దు. బాపట్ల ఆహార సాంకేతిక కళాశాలకు ఒకసారి వెళ్లి, కారంలో తేమ ఎంతవరకు ఉండవచ్చో అడిగి రండి. మీరు శిక్షణ ఇచ్చిన ఊళ్లే మొదటి అంగడి. మహిళా సంఘం తరఫున విజయవాడ పటమట రైతుబజారులో చోటు దొరుకుతుందేమో కనుక్కోండి.

నా లెక్కలో మీ దగ్గర ఇంకా 84,000 మిగులుతుంది, రిటర్ను డబ్బు వస్తే అది అదనం. దాన్ని కదపవద్దు. ముందుగా 50 కిలోల కాయలు కొని, తొడిమ తీయించి, మరలో పట్టించి, వచ్చిన కారం తూకం వేయండి. కూలి, మర ఖర్చు, ప్యాకెట్ల ఖర్చు విడివిడిగా రాసి నాకు పంపండి. 10 లక్షల మాట అప్పుడు మాట్లాడుకుందాం.