పొలం చూసుకోవడానికి జీపీఏ అడుగుతున్నారా?

డాలస్‌లో ఉంటూ ఒంగోలు దగ్గరి నాలుగెకరాలను మెయింటెనెన్స్ కంపెనీకి అప్పజెప్పాలా అని అడిగారు, వాళ్లు జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (జీపీఏ, అంటే మీ తరఫున అమ్మకం దాకా అన్ని పనులూ చేయగల అధికార పత్రం) కావాలంటున్నారని కూడా రాశారు. అది మాత్రం ఇవ్వకండి. కలుపు తీయించడానికి అమ్మే అధికారం ఎందుకండీ? తప్పనిసరైతే స్పెషల్ పవర్ ఇచ్చి, చేయాల్సిన పనులు పేరుపేరునా రాయించండి. అమ్మకం, తనఖా, కౌలు చెల్లవని అందులోనే చేర్చండి.

మా పొలం మూడేళ్లు ఇలాగే ఇచ్చాం. నెలనెలా వాట్సాప్‌లో పచ్చటి ఫొటోలు వచ్చేవి. తీరా వెళ్లి చూస్తే మామిడి మొక్కలు సగం ఎండిపోయాయి, డ్రిప్ పైపులు చుట్టలు చుట్టి షెడ్డులో పడున్నాయి, పక్కాయన మినుము మా గట్టు దాటి రెండు సాళ్లు లోపలికొచ్చింది. ఆ ఫొటోలు పక్క తోటవట!

మీకు చెప్పకుండా కౌలుకిచ్చేవాళ్లూ ఉన్నారు. ఆంధ్రలో 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద ఒప్పందం 11 నెలలకే, దానివల్ల కౌలుదారుకు భూమి మీద హక్కు రాదు. అయినా ఆ కాగితం మీద సంతకం మీదే ఉండాలి. ఆంధ్ర ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైట్ మీభూమిలో 1బి (భూమి ఎవరి పేరున ఉందో చూపే రికార్డు), అడంగల్ (సాగు వివరాల రికార్డు) మూడు నెలలకోసారి మీరే చూసుకోండి, ఏటా ఈసీ (భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి. ఏడాది ఫీజు ముందే కట్టేయకుండా, వీడియో కాల్‌లో సర్వే రాళ్లు చూపించాకే నెల డబ్బు పంపండి.