కళ్లను మభ్యపెట్టే బొమ్మలు వేయడానికి ఆర్ట్ కాలేజీ చదువు కావాలా?

గోడ మీద నిజంగానే ఏదో వస్తువు వేలాడుతోందనిపించే నిశ్చల చిత్రాలు, అంటే ట్రాంప్ లోయ్ పద్ధతి బొమ్మలు, ఆర్ట్ కాలేజీ గడప తొక్కనివారికి సాధ్యమేనా, సాధ్యమైతే ఎక్కడ మొదలుపెట్టాలి అని మీరు అడిగారు. తప్పకుండా సాధ్యమే. పైగా ఈ ఒక్క పద్ధతిలో మాత్రం కాలేజీ చదువు కన్నా బోర్డులు రాసిన చెయ్యి, వెండి మీద నగిషీ చెక్కిన చెయ్యి ఎక్కువ పనికివస్తాయని నా అభిప్రాయం. ఒంగోలు కర్నూలు రోడ్డులో సైన్‌బోర్డులు రాసిన మా పెదనాన్న దగ్గర చాలాకాలం రంగులు కలిపాను, ఆయన తీరిక వేళల్లో వేసుకున్న ఇటువంటి బొమ్మలను పక్కనే ఉండి చూశాను. ఆ అనుభవంతోనే ఈ జవాబు రాస్తున్నాను.

ముందుగా ఈ విద్యలో పేరు తెచ్చుకున్నవారు ఎక్కడి నుంచి వచ్చారో చూడండి. 19వ శతాబ్దం చివర అమెరికాలో ఈ బొమ్మలకు గొప్ప గిరాకీ తెచ్చిన విలియం హార్నెట్ (1848–1892) ఐర్లండ్‌లో పుట్టి ఫిలడెల్ఫియాలో పెరిగాడు. వెండి సామాన్ల మీద నగిషీ చెక్కే పనితో పొట్ట పోసుకుంటూనే బొమ్మల తరగతులకు వెళ్లాడు. జాన్ హేబర్లీ (1856–1933) కనెటికట్ రాష్ట్రంలోని న్యూహేవెన్‌వాడు. చిన్న వయసులోనే లితో అచ్చుపనిలో (రాతి పలక మీద గీసి కాగితం మీద అచ్చు తీసే పనిలో) చేరి, ఆ తర్వాత యేల్ విశ్వవిద్యాలయంలో శిలాజాల శాస్త్రవేత్త మార్ష్ దగ్గర ప్రదర్శన వస్తువులను సిద్ధం చేసే ఉద్యోగం చేశాడు. న్యూయార్క్‌లోని నేషనల్ అకాడమీ అనే చిత్రకళా బడిలో అతడు చదివింది కొద్దికాలమే. కాబట్టి స్వయంగా నేర్చుకోవడమంటే ఎవరి దగ్గరా ఏమీ నేర్చుకోకపోవడమని నేను అనుకోను. గీత వణకకుండా లాగడం, అంచు తెగేలా రంగు ఆపడం, గంటల తరబడి ఒకే చోట చూపు నిలపడం వంటివి బతుకుతెరువు పనిలోనే ఒంటబట్టి ఉండటం వారికి కలిసివచ్చింది.

హేబర్లీ చెయ్యి ఎంతగా తిరిగిందంటే, కరెన్సీ నోట్లను చిత్రించిన ‘యు.ఎస్.ఎ.’ అనే బొమ్మను 1889లో షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ప్రదర్శించినప్పుడు, అది బొమ్మే కాదనీ, నిజం నోట్లను అతికించి పైన రంగు పూశాడనీ ఒక పత్రికా విమర్శకుడు రాసేశాడు. హేబర్లీ పనిగట్టుకుని షికాగో వెళ్లాడు. నిపుణులు భూతద్దం పెట్టి చూసి, కొంత రంగు చెరిపి, అదంతా కుంచె పనేనని తేల్చిన తర్వాతే ఆ అపవాదు పోయింది. అలాగని మీరు మాత్రం నోట్లతో మొదలుపెట్టకండి. కరెన్సీ నోటును పోలిన కాగితం తయారుచేయడం మన దేశంలో భారతీయ న్యాయ సంహిత 182వ సెక్షన్ కింద నేరం. అమెరికాలో కూడా నోట్ల బొమ్మలు వేసినందుకు హార్నెట్‌కు 1886లో, దొంగనోట్ల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సీక్రెట్ సర్వీసుతో చిక్కు వచ్చింది.

నోట్లు, ఉత్తరాలు, తపాలా బిళ్లలు, పలకలు, తలుపు పలకకు కొట్టిన మేకులు: వీరి బొమ్మల్లో ఇవే ఎందుకు కనిపిస్తాయో గమనిస్తే సగం విద్య పట్టుబడినట్టే. ఇవన్నీ మందం లేని వస్తువులు. మనకు రెండు కళ్లున్నాయి, పైగా మనం బొమ్మ ముందు కదలకుండా నిలబడం. ఒక అడుగు పక్కకు వేయగానే నిజమైన కూజా వెనుక దాగిన గోడ కొంత బయటపడుతుంది, బొమ్మలోని కూజా వెనుక పడదు, అక్కడే గుట్టు రట్టవుతుంది. అంగుళం మందం కూడా లేని వస్తువు విషయంలో కంటికి ఆ తేడా దాదాపు తెలియదు. రోమన్ రచయిత ప్లీనీ చెప్పిన పాత కథలో కూడా ఇదే ఉంది. జ్యూక్సిస్, పర్రేసియస్ అనే ఇద్దరు గ్రీకు చిత్రకారులు పోటీ పడ్డారు. జ్యూక్సిస్ వేసిన ద్రాక్షపండ్లను చూసి పక్షులు మోసపోయాయట. పర్రేసియస్ వేసిన తెరను చూసి జ్యూక్సిసే మోసపోయి, ఆ తెర తీసి బొమ్మ చూపించమన్నాడట. పండు గుండ్రంగా ఉంటుంది, తెర పల్చగా ఉంటుంది, గెలిచింది తెర. 1670లో గేస్‌బ్రెక్ట్స్ అనే చిత్రకారుడు ఇంకా తెగించి, చట్రానికి బిగించిన ఒక చిత్రం వెనుక వైపును మాత్రమే చిత్రించాడు; కోపెన్‌హేగన్ మ్యూజియంలో ఉన్న ఆ బొమ్మను చూసినవారికి అటు తిప్పి ముందు వైపు చూడాలనిపించడం సహజం.

ఇక మా పెదనాన్న సంగతి. ఆయన ఐదో తరగతితో బడి మానేసి, సినిమా హాళ్ల ముందు బ్యానర్లు రాసేవారి పక్కన నిలబడి చూస్తూ నేర్చుకున్నారు. పైన చెప్పిన పేర్లేవీ ఆయన వినలేదు. అయితే ఫ్లెక్సులు రాకముందు బోర్డు రాసిన ప్రతివారికీ తెలిసిన ఉబ్బెత్తు అక్షరాలు ఆయనకు కొట్టినపిండి. కిరాణా కొట్టు బోర్డు మీద అక్షరం రేకు నుంచి లేచి వచ్చినట్టు కనిపించాలంటే వెలుగు ఎడమ పైభాగం నుంచి పడుతోందని మనసులో అనుకుని, కుడి పక్కనా కిందా నీడ వేయాలి, ఒక్క అక్షరానికి కూడా ఆ దిక్కు మారకూడదు. ఈ బొమ్మల రహస్యమంతా అందులోనే ఉంది. “వస్తువు సంగతి తర్వాత, ముందు దాని నీడ ఎక్కడ పడిందో చూడరా అబ్బాయ్” అని ఆయన నన్ను ఎన్నోసార్లు మందలించారు.

ఆయన వేసిన వాటిలో నాకు బాగా తెలిసినది పలక బొమ్మ. మార్కాపురం పలకల గురించి మా వైపు వారికి కొత్తగా చెప్పనక్కరలేదు. చెక్క చట్రం, మూలలకు రేకు ముక్కలు ఉన్న అటువంటి రాతి పలక మీద మా పెద్దమ్మ పాల లెక్క రాసి వంటింటి తలుపు పక్కన తగిలించేది. పెదనాన్న ప్లైవుడ్ ముక్క మీద ఆ తలుపు చెక్కను, మేకును, పురికొసను, పలకను ఉన్నంత కొలతలో వేశారు. కొలత తగ్గినా పెరిగినా భ్రమ నిలవదని ఆయన గట్టి నమ్మకం. బొమ్మ అంచులో కూడా ఏ వస్తువూ తెగిపోకూడదని అనేవారు, సగం పలక ఎక్కడా వేలాడదు కదా అని.

రాతి నలుపు కోసం నలుపులో కొంచెం నీలం, కొంచెం తెలుపు కలిపి పూసి పూర్తిగా ఆరనిచ్చారు. ఎనామిల్ రంగుకు ఉండే మెరుపు ఇక్కడ శత్రువు, ఎందుకంటే కిటికీ వెలుతురు దాని మీద పడి తళుక్కుమంటే అది రాయి కాదని వెంటనే తెలిసిపోతుంది. అందుకని టర్పెంటైన్ ఎక్కువగా కలిపి ఆ మెరుపును చంపేవారు. బలపం గీత తెల్లగా ఉండదు, బూడిద రంగులో, మధ్యమధ్య తెగి ఉంటుంది. దానికోసం దాదాపు పొడిగా ఉన్న సన్నని బ్రష్షును పడుకోబెట్టి పట్టుకుని, అడుగు పూత గరుకు మీద తగిలీ తగలనట్టు లాగి అంకెలు వేశారు. ఆ తర్వాత చేసిన పని నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది: కొన్ని అంకెల రంగు ఆరకముందే బొటనవేలికి గుడ్డ చుట్టి, పెద్దమ్మ తడిగుడ్డతో చెరిపే తీరులోనే ఒక్కసారి వంపుగా తుడిచారు. పాత లెక్క మసకగా అడుగున మిగిలింది, దాని పైన కొత్త లెక్క వచ్చింది. చెరిపిన గుర్తును కుంచెతో వేసే ప్రయత్నం చేయకుండా నిజంగానే చెరపడం ఏ పాఠ్యపుస్తకం చూసి చేసిన పని కాదు.

అంతకన్నా కష్టమైనది నీడ. మేకుకు తగిలించిన పలక పైభాగం గోడకు కాస్త ఎడంగా ఉంటుంది, కింది అంచు మాత్రం గోడను తాకుతుంది. అందువల్ల కుడి పక్కన పడే నీడ పైన వెడల్పుగా, అంచు మసకగా ఉండి, కిందికి వచ్చేకొద్దీ సన్నబడి, తాకే చోట గీత గీసినట్టు తెగుతుంది. దీనిని అంతటా ఒకే వెడల్పున వేస్తే పలక గోడకు అతికించిన కాగితంలా తేలిపోతుంది. నీడకు నల్లరంగు వాడకూడదు. కింద ఉన్న చెక్క రంగే ముదురై కనిపించేలా పల్చని గోధుమ రంగును పొరలుగా వేయాలి. పెదనాన్న షాపులో ఎడమ వైపు కిటికీ ఉన్న గోడకు ఉన్నంతకాలం ఆ పలక బొమ్మ బ్రహ్మాండంగా ఉండేది. ఎవరో దానిని కుడి పక్కన ట్యూబులైటు ఉన్న గోడకు మార్చారు, అంతటితో అది మామూలు బొమ్మ అయిపోయింది. మీరు వేసేటప్పుడు బొమ్మ ఏ గోడకు ఉంటుందో ముందే నిర్ణయించుకోవాలని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నా దగ్గర లేదు.

చాలా ఏళ్ల తర్వాత హేబర్లీ కూడా 1895 ప్రాంతంలో చెక్క చట్రం ఉన్న పలకలనే చిత్రించాడని తెలుసుకుని వాటి ఫొటోలు చూశాను. అతడి పలకల మీద కూడా చెరిపిన రాతల మరకలున్నాయి. నేర్పులో అతడు మా పెదనాన్న కన్నా ఎన్నో మెట్లు పైన ఉన్నాడని ఒప్పుకోవడానికి నాకు సంకోచం లేదు. కానీ ఇద్దరూ ఒకే వస్తువును, ఒకే కారణంతో ఎంచుకున్నారు.

అదే కాలపు జాన్ పీటో (1854–1907) గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే నాకు వ్యక్తిగతంగా అతడే ఎక్కువ ఇష్టం. న్యూజెర్సీలోని ఐలండ్ హైట్స్ అనే చిన్న ఊళ్లో కార్నెట్ అనే ఇత్తడి బాకా వాయిస్తూ, వచ్చేపోయేవారికి బొమ్మలు అమ్ముకుంటూ బతికాడు. చినిగిన ఉత్తరాలు, అట్టలు ఊడిన పుస్తకాలు అతడి వస్తువులు. ధర పలుకుతుందని అతడి బొమ్మల మీద హార్నెట్ సంతకాలు దొంగతనంగా పెట్టి అమ్మేశారు. ఆల్ఫ్రెడ్ ఫ్రాంకెన్‌స్టైన్ అనే విమర్శకుడు 1940ల చివర్లో కూపీ లాగేవరకు ఆ బొమ్మలు పీటోవని లోకానికి తెలియలేదు. హార్నెట్‌ది పదునైన అంచు, పీటోది మెత్తని వెలుతురు; ఈ తేడా పట్టుకునే ఫ్రాంకెన్‌స్టైన్ వారిద్దరినీ వేరు చేయగలిగాడు. కాబట్టి ప్రతి వెంట్రుకనూ వేసినవాడే కంటిని మోసం చేయగలడనుకోవడం పొరపాటు. వెలుతురు సరిగ్గా పడితే కొంత మసకతనాన్ని కన్ను తానే సరిచేసుకుంటుంది.

మీరు మొదలుపెట్టేటప్పుడు నునుపుగా రుద్దిన ప్లైవుడ్ తీసుకోండి. కాన్వాసు నేత కనబడుతుంది కనుక మొదటి బొమ్మలకు వద్దు. ఒక పోస్టుకార్డును లేదా పలకను కిటికీ పక్క గోడకు తగిలించి, రోజూ ఒకే వేళలో, అదే వెలుతురులో చూసి వేయండి. ఫొటో తీసి దానిని చూసి వేస్తే నీడలు నల్లబడి వస్తాయి. పురికొస, తాళంచెవి, మేకు తల వంటివి రెండో బొమ్మలో చేర్చుకోవచ్చు. వేసినదానిని ఆ గోడకే పెట్టి, నడుస్తూ వచ్చేవారికి ఎంత దూరంలో అనుమానం వస్తోందో గమనించి, ఆ దూరం నుంచే మీరు కూడా చూసి నీడను సరిదిద్దుకోండి. పండ్లూ కూజాలూ తర్వాత చూసుకోవచ్చు.