ఎడిటర్ మార్చాలా, సెట్టింగులు మార్చాలా?

స్వచ్ఛందంగా నడిచే ప్రోగ్రామింగ్ భాషల పనిలో చెయ్యి కలుపుతున్న పాలమూరు, నల్లగొండ పాఠకుల ప్రశ్నలకు ఈ నెల జవాబులు.

ప్రశ్న: సార్, ఒక పైథాన్ ప్రాజెక్టుల ఒక్కటే లైను సరిచేసి పుల్ రిక్వెస్ట్ (మార్పు కలుపుకోమని అడిగే విన్నపం) పంపిన. మూడు వందల పైచిలుకు లైన్లు మారినట్టు చూపిస్తున్నది. సంబంధం లేని మార్పులు తీసేయమని రాసి పక్కకు పెట్టిన్రు. నేను ముట్టుకోని లైన్లు ఎట్ల మారినయి?
– బీటెక్ విద్యార్థి, జడ్చర్ల

జవాబు: మీరు ముట్టుకోలేదు, మీ ఎడిటర్ ముట్టుకుంది. అనుమానించాల్సినవి రెండు: సేవ్ కొట్టగానే ఫార్మాట్ చేసే సెట్టింగు, విండోస్ పద్ధతి లైను ముగింపులు (విండోస్‌ది సీఆర్‌ఎల్‌ఎఫ్, లినక్స్‌ది ఎల్‌ఎఫ్). ఏదో తేలాలంటే గిట్ డిఫ్ కమాండుకు డబ్ల్యూ ఆప్షన్ తగిలించి చూడండి. అది ఖాళీల తేడాలను లెక్కలోకి తీసుకోదు. అప్పుడు మీ ఒక్క లైనే మిగిలితే గొడవ లైను ముగింపులదో, ఇండెంట్‌దో. అలా కాక సింగిల్ కోట్లన్నీ డబుల్ కోట్లయి, పొడుగు లైన్లు విరిగి కనిపిస్తే అది బ్లాక్ అనే పైథాన్ ఫార్మాటర్ పని. పైథాన్ కోడ్ రాత నియమాల పత్రం పెప్ 8 లైనుకు 79 అక్షరాలంటుంది, బ్లాక్ మామూలు హద్దు 88. అందుకే పెప్ 8 చూసి శ్రద్ధగా విరిచి రాసిన లైన్లను కూడా, 88లో ఇమిడితే, అది చాలావరకు మళ్లీ కలిపేస్తుంది.

సరిచేసే వరస ఇది. మీ లైను మార్పును వేరే ఫైల్లో దాచుకోండి. మెయిన్ బ్రాంచ్‌ను మీ బ్రాంచ్‌లోకి మెర్జ్ చేయండి. ఇది చేయకుండా ముందుకు పోతే ఇతరుల కొత్త మార్పులు మీ లెక్కలో పడతాయి. గిట్ రీస్టోర్‌కు సోర్స్‌గా మెయిన్‌ను ఇచ్చి ఆ ఫైలును అసలు రూపానికి తెండి. వీఎస్ కోడ్‌లో ఫార్మాట్ ఆన్ సేవ్‌ను ఆ ప్రాజెక్టు వర్క్‌స్పేస్ వరకే ఆపండి. కింద కుడివైపు పట్టీలో సీఆర్‌ఎల్‌ఎఫ్ అని ఉండి, ప్రాజెక్టు ఎల్‌ఎఫ్ వాడుతుంటే నొక్కి మార్చండి. ఇప్పుడు లైను తిరిగి రాసి కమిట్ చేయండి. వర్క్‌స్పేస్ సెట్టింగులు ప్రాజెక్టు ఫోల్డర్లోనే ఫైలుగా పడతాయి. గిట్ యాడ్ చుక్క కొడితే అది కూడా ఎక్కి మళ్లీ మాట పడాల్సి వస్తుంది. ఫైలు పేరు ఇచ్చే యాడ్ చేయండి.

ఫోర్స్ పుష్ (ముందు పంపిన కమిట్లను చెరిపి కొత్తవి పెట్టడం) చేయాలా అంటే, పైథాన్ అసలు ప్రాజెక్టు అయిన సీపైథాన్‌లో వద్దంటారు. చివరికి కమిట్లన్నీ ఒకటిగా కలిపేస్తారు కనుక పైన ఇంకో కమిట్ వేస్తే చాలు.

ప్రాజెక్టులో ఎడిటర్‌కాన్ఫిగ్ ఫైలు (ఇండెంట్, లైను ముగింపులు ఎలా ఉండాలో ఎడిటర్లకు చెప్పేది) ఉందేమో కూడా చూడండి. పైచార్మ్ ఎడిటర్, విమ్ నుంచి పుట్టిన నియోవిమ్‌లో 0.9 నుంచి పై వెర్షన్లు దాన్ని వాటంతటవే చదువుతాయి. వీఎస్ కోడ్‌కు మాత్రం ఎక్స్‌టెన్షన్ వేయాలి. చాలామందికి ఈ సంగతి తెలియదు, ఫైలు ఉంది కదా అని నిమ్మళంగా ఉంటారు. ఇక వాళ్లు పక్కన పెట్టింది కోపంతో కాదు. సాయంత్రం పూట, జీతం లేకుండా రివ్యూ చేసేవారికి మూడు వందల లైన్లలో అసలు మార్పు వెతకడం నరకం. పైగా ఏ లైను ఎవరు ఎందుకు రాశారో చెప్పే గిట్ బ్లేమ్‌లో ఆ లైన్లన్నీ మీ పేరు మీదికి వచ్చేస్తాయి.

ప్రశ్న: విమ్ వదిలి వీఎస్ కోడ్‌కు రాకుంటే ఓపెన్ సోర్స్‌లో పనికిరామని సీనియర్లు అంటున్నారు. నిజమేనా?
– ఎంసీఏ విద్యార్థిని, నల్లగొండ

జవాబు: కాదమ్మా. ఎడిటర్‌కూ, కోడ్‌ను అర్థం చేసుకునే లాంగ్వేజ్ సర్వర్ ప్రోగ్రాముకూ మధ్య మాటల పద్ధతి అయిన లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్‌ను 2016లో మైక్రోసాఫ్ట్ బయటపెట్టాక ఆ తేడా చాలావరకు పోయింది. సూచనలు, తప్పుల గీతలు, పేరు మార్పిడి అన్నీ సర్వర్ ఇస్తుంది, ఎడిటర్ చూపిస్తుంది అంతే. నియోవిమ్‌లో 2021 నుంచి, ఈమ్యాక్స్‌లో 2023లో వచ్చిన 29వ వెర్షన్ నుంచి ఈ సదుపాయం లోపలే ఉంది. ఒక తిరకాసు: పైథాన్‌కు వీఎస్ కోడ్ వాడే పైలాన్స్ సర్వర్ లైసెన్స్ మైక్రోసాఫ్ట్ ఉత్పత్తులకే. విమ్‌లో పైరైట్ అనే సర్వర్ పెట్టుకోండి. దిగుమతి (ఇంపోర్ట్) దొరకలేదని అన్నిచోట్లా ఎర్రగీతలు వస్తే, సర్వర్‌కు మీ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఆ ప్రాజెక్టు లైబ్రరీలు ఉండే వేరు ఫోల్డర్) కనిపించడం లేదన్నమాట. ముందు దాన్ని యాక్టివేట్ చేసి, అదే టెర్మినల్లోంచి ఎడిటర్ తెరవండి.

ప్రశ్న: నాలుగు జీబీ ర్యామ్ లాప్‌టాప్‌లో రస్ట్ ప్రాజెక్టు తెరిస్తే మెషీన్ కదలదు. టెర్మినల్లో కార్గో (రస్ట్ కోడ్‌ను కంపైల్ చేయించే సాధనం) కూడా ఫైలు లాక్ కోసం ఆగుతున్నానంటుంది.
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: రస్ట్ భాష లాంగ్వేజ్ సర్వర్ అయిన రస్ట్ ఎనలైజర్ ప్రాజెక్టుతో పాటు అది ఆధారపడే క్రేట్లన్నిటినీ (లైబ్రరీలను) మెమరీలో పెట్టుకుంటుంది. మీరు సేవ్ చేసిన ప్రతిసారీ కార్గో చెక్ కూడా నడుపుతుంది. మీ టెర్మినల్ కార్గోకూ దానికీ ఒకటే టార్గెట్ ఫోల్డర్ (కంపైల్ ఫలితాలు పడే చోటు), అందుకే లాక్. చెక్ ఆన్ సేవ్, క్యాష్ ప్రైమింగ్ (ప్రాజెక్టు తెరవగానే అన్నీ ముందే లెక్కగట్టి పెట్టుకోవడం) రెండూ ఆపండి. కార్గో జాబ్స్ ఒకటికి తగ్గించండి. ఎనలైజర్‌కు వేరే టార్గెట్ ఫోల్డర్ ఇమ్మని సలహా వినిపిస్తుంది. లాక్ పోతుంది కానీ డిస్క్ రెట్టింపు తింటుంది, కంపైల్ రెండుసార్లు. మీ మెషీన్‌కు వద్దు. అప్పటికీ కదలకపోతే ఎనలైజర్ పూర్తిగా ఆపి, కార్గో చెక్‌ను చేత్తో నడపండి. రస్ట్ కంపైలర్ తప్పును ఫైలు, లైను, కాలమ్‌తో సహా చెబుతుంది, చాలాసార్లు మందు కూడా చెబుతుంది.

ప్రశ్న: రైస్ మిల్లు లెక్కల కోసం పైథాన్‌లో స్టాక్‌మొత్తం అని వేరియబుల్ పెడితే కనబడని క్యారెక్టర్ యూ+200సి అని ఎర్రర్ వస్తున్నది. ధర అని పెడితే రాదు.
– అకౌంటెంట్, మిర్యాలగూడ

జవాబు: పైథాన్ 3 తెలుగు పేర్లను ఒప్పుకుంటుంది. క పొల్లు తర్వాత మ ఒత్తుగా మారకుండా మీ కీబోర్డు మధ్యలో పెట్టిన అదృశ్య అక్షరాన్ని మాత్రం పేర్లలో ఒప్పుకోదు. స్టాక్_మొత్తం అని అండర్‌స్కోర్ పెట్టి, ఆ అక్షరం లేకుండా కొత్తగా టైప్ చేయండి. ప్రామాణిక లైబ్రరీకి పంపే కోడ్‌లో అయితే పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండాలని పెప్ 8 నియమం.

అసలు ప్రమాదం స్ట్రింగుల్లో ఉంది, అక్కడ ఎర్రర్ రాదు. ఒకరు ఆ అక్షరంతో మహబూబ్‌నగర్ అనీ, ఇంకొకరు అది లేకుండా మహబూబ్నగర్ అనీ కొడితే పైథాన్‌కు అవి రెండు ఊళ్లు. బస్తాల మొత్తం రెండుగా చీలుతుంది. యూనికోడ్ నార్మలైజేషన్ (ఒకే అక్షరపు వేర్వేరు కోడ్‌లను ఒక్క రూపానికి తెచ్చే పద్ధతి) ఆ అక్షరాన్ని తీసేయదు. పోల్చడానికి వాడే కీలో మాత్రం రీప్లేస్‌తో 200సిని తొలగించండి, బిల్లు మీద అచ్చయ్యే పేరును ఉన్నది ఉన్నట్టే ఉంచండి.