ఓడ ఎక్కబోతున్న మేనకోడలికి

హన్మకొండ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఆగస్టులో ఉత్తర బంగాళాఖాతానికి వెళ్లే పరిశోధన నౌకలో నీకు చోటు దొరికిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి సంతోషం ఒకవైపు, గుండెదడ ఒకవైపు. మన ఇంట్లో నా తర్వాత సముద్రం మీదికి వెళ్తున్నది నువ్వే. చిన్నప్పుడు నిన్ను భద్రకాళి చెరువు గట్టు దిగనివ్వనివాణ్ణి కూడా నేనే.

వాంతుల మాత్ర ఓడ కదలకముందే వేసుకో. సీటీడీని, అదే లోతు లోతుకూ నీటి ఉప్పదనాన్నీ ఉష్ణోగ్రతనూ కొలిచే పరికరాన్ని, నీళ్లలోకి దించేటప్పుడు హెల్మెట్, లైఫ్ జాకెట్ తీయకు. నమూనా సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగాకే నింపు. రాత్రిపూట తడి డెక్ మీదికి ఒంటరిగా పోవద్దు బిడ్డా. ఈ మాట మళ్లీ రాస్తానేమో, విసుక్కోకు.

నీ వయసులో, ఇలాంటి వానాకాలపు ప్రయాణంలోనే, సీటీడీ కొలతలు సరిచూసే పని నాకు అప్పగించారు. పై పదిహేను మీటర్లలో లవణీయత, అంటే కిలో నీటిలో ఉండే ఉప్పు గ్రాముల లెక్క, 29 దగ్గర ఉంది, ఆ కిందకు పోగానే 33 దాటింది. అరేబియా సముద్రంలో 36 చుట్టూ తిరిగే అంకెలకు అలవాటుపడ్డ నా కంటికి అది పరికరం చేసిన తప్పులా కనిపించి, ఎర్ర పెన్సిల్‌తో ఆ అంకెలన్నీ కొట్టేశాను. ఉష్ణోగ్రత యాభై మీటర్ల దాకా దాదాపు ఒకేలా ఉంది కాబట్టి, నైరుతి గాలి అంత లోతు వరకూ నీటిని కలిపేసిందని రాసి సంతకం కూడా పెట్టాను. మరునాడు సీసాల్లోని నీటిని పరీక్షిస్తే అక్కడా 29 వచ్చింది. మా పెద్దసారు కోప్పడలేదు. "మీ గోదావరి నీళ్లు ఎటు పోతాయనుకున్నావయ్యా?" అన్నారంతే. ఉత్తరాన గంగా బ్రహ్మపుత్రల వాటాయే ఎక్కువన్నది నిజమే గానీ, కాళేశ్వరం దగ్గర ప్రాణహితను కలుపుకొని పరుగెత్తే వరదను చూస్తూ పెరిగిన నేను ఆ మాటకు తల ఎత్తలేకపోయాను.

నీకు ఏడేళ్లప్పుడు వంటింట్లో గాజు గ్లాసులో ఉప్పునీళ్లు పోసి, సిరా చుక్క వేసిన మంచినీళ్లను చెంచా వీపు మీదుగా మెల్లగా వదిలాను, గుర్తుందా? బుగ్గలు నొప్పి పుట్టేదాకా ఊదావు. పైనున్న నీలం నీళ్లు వణికాయే తప్ప కిందికి దిగలేదు. బంగాళాఖాతం మీద ఋతుపవనాల గాలికీ అదే అవస్థ. అక్కడి వెచ్చని నీటిలో లవణీయత ఒక్క యూనిట్ తగ్గితే వచ్చే తేలిక, ఉష్ణోగ్రత రెండు డిగ్రీలకు పైగా పెరిగితే వచ్చేంత ఉంటుంది. ఆ తేలికపాటి పొరను కిందికి తొక్కడానికే గాలి శక్తి చాలావరకు ఖర్చయిపోతుంది. అందుకే అదే నైరుతి అరేబియా సముద్రాన్ని లోతుగా కలిపి చల్లబరిచినా, బంగాళాఖాతం పైనీరు 28 డిగ్రీలు దాటి వెచ్చగానే ఉండి మేఘాలకు ఆవిరి అందిస్తూ ఉంటుంది.

నేను కలిసిపోయిందని రాసిన యాభై మీటర్లలో గాలి కలిపింది పై పదిహేను మాత్రమే. కింది ముప్పై అయిదు మీటర్లు ఉష్ణోగ్రతలో పైదానిలాగే ఉన్నా ఉప్పదనంలో వేరు. దాన్నే బారియర్ లేయర్ అంటారు. చలికాలంలో ఈశాన్య గాలికి పైనీరు చల్లబడినా, ఉప్పు తక్కువ కాబట్టి మునగదు. అప్పుడు కింద వెచ్చన, పైన చల్లన. ఉష్ణోగ్రత గీత ఒక్కటే చూసేవాడు ఇవన్నీ పోగొట్టుకుంటాడు. సాంద్రత గీత గీయకుండా గాలి కలిపిన పొర లోతు రాయకు. ఓడ తన అడుగుతోనే పై మీటర్లను చిలికేస్తుంది, అక్కడి అంకెలను అనుమానించు. అయితే అనుమానించిన అంకె పక్కన కారణం రాసిపెట్టు, నాలాగా కొట్టేయకు.

నాకు ఈత రాదు, నీకూ రాదు. అదే నా భయమంతా. ఇంకా నెల ఉంది కదా, బాలసముద్రంలో ఈతకొలను ఉందట, రేపే వెళ్లి చేరు, రుసుము నేను కడతాను. డెక్ మీదికి ఒంటరిగా వద్దు.

ఓడ దిగగానే మొదటి ఫోన్ మీ అమ్మకు, రెండోది నాకు. పై అయిదు మీటర్లలో లవణీయత ఎంత వచ్చిందో అందులో చెప్పాలి.

మీ మామయ్య